బీమా రంగమున బ్లాక్‌చైన్ – మన జిల్లాల దృష్టితో ఒక పరిశీలన

బీమా అను మాట ఉర్దూలోను తెలుగులోను ఒక్కటే. పారసీ, అరబ్బీ భాషల నుండి ఉర్దూకును, ఉర్దూ నుండి మన గ్రామముల వ్యవహారమునకును దిగివచ్చిన మాటలు దీని చుట్టును మరికొన్ని కలవు: రసీదు, జమా, వసూలు, దస్తావేజు. కరీంనగరు, ఆదిలాబాదు ప్రాంతముల వారికి ఈ మాటల అర్థము నిఘంటువు చూడకయే తెలియును. రసీదు పోయినచో ఏమగునో, పహాణీలో పేరు తప్పిపోయినచో ఎన్నేండ్లు తిరుగవలసి వచ్చునో కూడ తెలియును.

ఇటీవలి కాలమున బ్లాక్‌చైన్ అను సాంకేతిక విధానమును గూర్చి వాణిజ్యశాస్త్ర విద్యార్థులు తరచు వినుచున్నారు. ఒకసారి వ్రాసిన పద్దును ఎవరును దొంగచాటుగా దిద్దజాలని చిట్టా ఇదియని, బీమా రంగమున మోసములను, ఆలస్యములను ఇది తొలగింపగలదని చెప్పుచున్నారు. ఈ మాటలో ఎంత నిజము కలదు? ఆ చిట్టా ఏ విధముగా పనిచేయును? అన్నిటికంటె ముఖ్యముగా, గోదావరికి ఇరువైపులనున్న మన జిల్లాల రైతునకు, కూలికి, గల్ఫునకు పోయిన కార్మికునకు దానివలన ఏమి ఒరుగును? ఈ మూడు ప్రశ్నలను ఈ వ్యాసమున పరిశీలింతుము.

బీమా – వ్రాత

బీమా యొక్క మూలసూత్రము సులభమైనది. పెక్కుమంది కొద్దికొద్దిగా చెల్లింతురు. ఆపద వాటిల్లిన కొద్దిమంది ఆ నిధి నుండి పొందుదురు. అయినను బీమాకును తక్కిన వ్యాపారములకును ఒక భేదము కలదు. బట్టల దుకాణమున రూపాయలు ఇచ్చిన వెంటనే బట్ట చేతికి వచ్చును. బీమాలో రూపాయలు నేడు చెల్లింతుము. ప్రతిఫలము ఎన్నడో వచ్చును, రాకయు పోవచ్చును. జీవిత బీమాలో మరియొక చిక్కు కలదు. ఒప్పందము చేసికొన్న మనిషి, సొమ్ము అందవలసిన నాటికి ఉండడు. ఏ కాగితములో ఏమి వ్రాయబడినదో ఆయన భార్యకు, పిల్లలకు తెలియకపోవచ్చును. కావున బీమా యంతయు వ్రాత మీదనే నిలిచియున్నది.

మన ప్రాంతమునకు ఈ వ్రాత క్రొత్తది కాదు. నిజాం పాలనలో 1907 నాటికే హైదరాబాదు రాజ్యమున ప్రభుత్వోద్యోగుల కుటుంబముల కొరకు ఏర్పడిన నిధి, పిమ్మట ప్రభుత్వ జీవిత బీమా శాఖకు మూలమైనది. 1956 సెప్టెంబరు 1న భారతీయ జీవిత బీమా సంస్థ ఏర్పడినది. 1972 నాటి చట్టముతో సాధారణ బీమా జాతీయము చేయబడినది. 1999 నాటి చట్టము ప్రైవేటు సంస్థలకు మరల ద్వారము తెరచి, బీమా నియంత్రణ, అభివృద్ధి ప్రాధికార సంస్థకు రూపమిచ్చినది. ఆ సంస్థ ప్రధాన కార్యాలయము 2001లో ఢిల్లీ నుండి హైదరాబాదునకు తరలివచ్చినది.

బీమా ఒప్పందమునకు 'పరమ విశ్వాసము' ఆధారమని పాఠ్యగ్రంథములు చెప్పును. దరఖాస్తు చేయువాడు తన వయస్సును, ఆరోగ్యమును దాచక చెప్పవలెను. సంస్థ తన షరతులను దాచక చెప్పవలెను. ఈ సందర్భమున మన చట్టములోని ఒక నియమమును విద్యార్థులు గుర్తుంచుకొనవలెను. 1938 నాటి బీమా చట్టము 45వ సెక్షను, 2015లో సవరింపబడిన పిమ్మట, పాలసీ ప్రారంభమై మూడేండ్లు గడచిన తరువాత జీవిత బీమా పాలసీని ఏ కారణము చేతను ప్రశ్నింపరాదని శాసించుచున్నది. అనగా, సంస్థ విచారింపదలచిన దేదియైన వ్రాసికొనునాడే, లేదా ఆ మూడేండ్లలోనే విచారింపవలెను. మనిషి చనిపోయిన పిమ్మట పాత పుటలు తిరుగవేసి, ఇది తప్పు, అది తప్పు అనరాదు. పద్దు సత్యమును పద్దు వ్రాయునాడే చూచుకొనవలెనను ఈ నీతి మన చర్చకు మున్ముందు అక్కరకు వచ్చును.

బ్లాక్‌చైన్ అనగానేమి?

ఒక చిట్టా పుస్తకమును ఊహించుకొందము. దానిలో పుటలు వరుసగా ఉండును. ప్రతి పుట అడుగున ఆ పుటలోని లెక్కల నుండి ఒక నియమము ప్రకారము తీసిన గుర్తుసంఖ్య ఒకటి వ్రాయుదుము. తరువాతి పుట గుర్తును తీయునపుడు వెనుకటి పుట గుర్తును కూడ కలుపుదుము. ఇట్లు ప్రతి పుటయు తన ముందుదానితో గొలుసు వలె ముడివడి యుండును. పుటను బ్లాకు అనియు, గొలుసును చైన్ అనియు అనుటచేత ఈ పేరు వచ్చినది. ఆ గుర్తుసంఖ్యను హాష్ అందురు.

చిన్న లెక్కతో దీనిని నిరూపింతుము. గుర్తు తీయు నియమము: సంఖ్యను 97తో భాగించి శేషమును గ్రహించుట. మొదటి పుటలో వసూలైన ప్రీమియము 1200 రూపాయలు అనుకొందము. శేషము 36. రెండవ పుటలో 850 రూపాయలు, దానికి వెనుకటి 36 కలుపగా 886, శేషము 13. మూడవ పుటలో 640 రూపాయలు, 13 కలుపగా 653, శేషము 71. ఇప్పుడు ఎవరో మొదటి పుటలోని 1200ను చాటుగా 1210గా దిద్దినారనుకొందము. ఆ పుట గుర్తు 46 అగును. దానితో రెండవ పుట గుర్తు 23, మూడవ పుట గుర్తు 81 కావలసి వచ్చును. పుస్తకములో మాత్రము 36, 13, 71 అని ఉన్నవి. దొంగతనము వెంటనే బయటపడును. దానిని కప్పిపుచ్చవలెనన్నచో తరువాతి పుటలన్నిటిని తిరుగవ్రాయవలెను.

మా లెక్క పాఠము కొరకు మాత్రమే. 1200కు బదులు 1297 వ్రాసినచో శేషము మరల 36 అగును గనుక తెలివిగల మోసగాడు దీనిని దాటిపోగలడు. వాస్తవమున వాడు నియమములు అట్లు లొంగవు. ఎస్.హెచ్.ఏ. 256 అను ప్రసిద్ధమైన నియమము 256 బిట్ల పొడవుగల గుర్తును తీయును. ఒక్క అక్షరము మారినను గుర్తు యావత్తు పోలిక లేకుండ మారిపోవును. అదే గుర్తు వచ్చునట్లు మరియొక వ్రాతను కల్పించుట నేటి యంత్రములకు సాధ్యము కాదు.

రెండవ అంశము, ఈ పుస్తకము ఒక్కచోట ఉండదు. అందులో పాల్గొను ప్రతి సంస్థ వద్దను దాని నకలు ఉండును. క్రొత్త పుట చేర్పవలెనన్నచో వారందరు ఒక నియమము ప్రకారము అంగీకరింపవలెను. ఒకరు తన నకలును దిద్దుకొన్నను తక్కినవారి నకళ్లు సాక్ష్యము చెప్పును. పత్రములకు కాలముద్ర వేసి గొలుసుగా కట్టు పద్ధతిని 1991లో హేబర్, స్టోర్నెట్టా అను శాస్త్రజ్ఞులు ప్రతిపాదించినారు. 2008లో సతోషి నకమోటో అను మారుపేరుతో వెలువడిన పత్రము దానిని బిట్‌కాయిన్ అను ద్రవ్యవ్యవస్థకు అన్వయించినది. 2009 జనవరిలో ఆ గొలుసు మొదలైనది. ఎవరైనను చేరగల బహిరంగ గొలుసు ఒక తీరు. అనుమతి పొందిన సంస్థలు మాత్రమే చేరగల గొలుసు మరియొక తీరు. బీమా సంస్థలు పలుమారు రెండవ తీరునే ఎన్నుకొన్నవి.

తనంత తాను నెరవేరు ఒప్పందము

2015లో మొదలైన ఎథీరియం అను గొలుసు మరియొక సౌకర్యమును ప్రచారములోనికి తెచ్చినది. 'ఈ షరతు నెరవేరినచో ఇంత సొమ్ము ఇతనికి చెల్లును' అని గొలుసులోనే వ్రాసి ఉంచవచ్చును. షరతు నెరవేరిన వార్త చేరగానే సొమ్ము కదలును. దరఖాస్తు, తనిఖీ, సంతకము అక్కరలేదు. ఇది బీమాకు సరిపడిన ఉపాయమని పలువురు తలంచినారు. ఫ్రాన్సు దేశపు ఆక్సా సంస్థ 2017లో ఫిజ్జీ అను పేరుతో విమానముల ఆలస్యమునకు ఇట్టి బీమాను ప్రారంభించినది. విమానము రెండు గంటలకు మించి ఆలస్యమైనచో ప్రయాణికుడు అడుగకయే సొమ్ము చెల్లును. పథకము చక్కగా పనిచేసినను కొనువారు చాలినంతమంది లేక 2019లో నిలిపివేయబడినది. కెన్యా దేశమున ఎథెరిస్క్, ఏకర్ ఆఫ్రికా అను సంస్థలు చిన్నరైతులకు ఈ పద్ధతిన పంటల బీమా ఇచ్చి, మొబైలు ఫోను ఖాతాలకే పరిహారము పంపినవి.

ఈ ఆలోచన యొక్క మూలము మాత్రము మనకు చేరువలోనే ఉన్నది. బ్లాక్‌చైన్ పుట్టుటకు ముందే, 2003లో, మహబూబ్‌నగర్ జిల్లాలో బేసిక్స్ సంస్థయు ఐ.సి.ఐ.సి.ఐ. లాంబార్డ్ సంస్థయు కలిసి, ప్రపంచ బ్యాంకు నిపుణుల సలహాతో, వేరుశనగ, ఆముదము పండించు రైతులకు వర్షపాత బీమాను ఇచ్చినవి. పొలమునకు వచ్చి పంటనష్టమును అంచనా కట్టు పని లేదు. వర్షమాపకము చూపిన మిల్లీమీటర్లు నిర్ణీతమైన హద్దునకు తగ్గినచో పరిహారము చెల్లును. భారతదేశమున ఇట్టి వాతావరణ సూచిక బీమాకు ఇదియే తొలి ప్రయోగము. స్వయంచాలక ఒప్పందము నేడు చేయునది ఇదే పని. యంత్రము మాత్రము వేగమైనది.

ఆ ప్రయోగములోనే దాని లోపమును కూడ గుర్తింపవలెను. వర్షమాపకము ఒకచోట నుండును, పొలము మరియొకచోట నుండును. మాపకముపై వాన కురిసి పొలము ఎండినచో రైతునకు నష్టము కలుగును గాని పరిహారము రాదు. గొలుసు ఎంత దృఢమైనదైనను మాపకము చెప్పినదానినే వినును. పొలము మాట దానికి వినబడదు.

పెద్ద సంస్థల అనుభవము

2016లో ఐరోపాకు చెందిన ప్రముఖ బీమా, పునర్బీమా సంస్థలు కలిసి బి.త్రీ.ఐ. అను సమాఖ్యను ఏర్పరచినవి. ఒక సంస్థ తన భారమును మరియొక సంస్థకు పంచి ఇచ్చు పునర్బీమాలో ఒకే ఒప్పందమును నలుగురు నాలుగు పుస్తకములలో వ్రాసికొందురు; అవి సరిపోలుటకే నెలలు పట్టును. అందరికిని ఒకే గొలుసు ఉన్నచో ఆ శ్రమ తీరునని వారు భావించినారు. ఆలోచన మంచిదే. అయినను మూలధనము కొరవడి 2022లో ఆ సంస్థ దివాలా తీసినది. పోటీదారులు ఒకే పుస్తకమును పంచుకొనుటకు యంత్రముతో పాటు రాజీ కూడ కావలెనని ఈ ఉదంతము నేర్పుచున్నది.

మన తెలుగు రాష్ట్రములును వెనుకబడి లేవు. హైదరాబాదులోని బ్యాంకింగు సాంకేతిక అభివృద్ధి, పరిశోధన సంస్థ 2017 జనవరిలో బ్లాక్‌చైన్ వినియోగముపై ఒక శ్వేతపత్రమును వెలువరించినది. అదే యేడు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము భూమి దస్త్రముల కొరకు స్వీడన్ దేశపు క్రోమావే సంస్థతో ప్రయోగమునకు పూనుకొన్నది. తెలంగాణ ప్రభుత్వము 2019లో బ్లాక్‌చైన్ విధాన ముసాయిదాను ప్రకటించినది. చిట్‌ఫండుల పర్యవేక్షణకు రిజిస్ట్రేషను శాఖ టి-చిట్స్ అను వ్యవస్థను ప్రవేశపెట్టినది. చిట్టీ పాట పాడినవాడెవడో, సొమ్ము ఎవరికి ముట్టినదో సభ్యులకు తెలియవలెనన్నదే అచటి సమస్య. చిట్టీలతో చేతులు కాల్చుకొన్న కుటుంబములు మన ఊళ్లలో లేకపోలేదు గనుక దాని విలువను వేరుగ చెప్పనక్కరలేదు.

మన జిల్లాలలో బీమా

2016 అక్టోబరు 11న జరిగిన పునర్విభజనతో పూర్వపు ఆదిలాబాదు జిల్లా నాలుగు జిల్లాలైనది. పూర్వపు కరీంనగరు జిల్లా కూడ జగిత్యాల, పెద్దపల్లి, రాజన్న సిరిసిల్ల మొదలైన జిల్లాలుగా విడివడినది. ప్రత్తి, వరి, బొగ్గు, మరమగ్గము, గల్ఫు వలస – ఈ అయిదింటితో ఇచటి జీవనము అల్లుకొన్నది. అయిదును ప్రమాదముతో కూడినవే.

2018 మే 10న రైతుబంధు పథకము కరీంనగరు జిల్లా హుజూరాబాదు ప్రాంతముననే ప్రారంభమైనది. అదే యేడు ఆగస్టు 15న రైతుబీమా అమలులోనికి వచ్చినది. 18 నుండి 59 ఏండ్ల వయస్సుగల రైతు ఏ కారణము చేత మరణించినను, నామినీకి 5 లక్షల రూపాయలు జీవిత బీమా సంస్థ ద్వారా చెల్లునట్లు దానిని రూపొందించినారు. తొలి యేట ఒక్కొక్క రైతునకు 2,271 రూపాయల 50 పైసల ప్రీమియమును ప్రభుత్వమే చెల్లించినది. పది దినములలో సొమ్ము ముట్టవలెనని లక్ష్యము పెట్టుకొన్నది. 2022 ఆగస్టు 7న చేనేత, మరమగ్గ కార్మికులకు ఇదే విధమైన నేతన్న బీమా ప్రారంభింపబడినది. ఈ పథకములు బ్లాక్‌చైన్ లేకుండగనే నడచినవి. పది దినములలో పరిహారము అందించుటకు సంకల్పము, సక్రమమైన జాబితా, పొలముగట్టు వరకు వచ్చు ఉద్యోగి ముఖ్యమని ఇవి చూపినవి.

అయితే రైతుబీమా జాబితా పట్టాదారు పాసుపుస్తకము నుండి పుట్టినది. పాసుపుస్తకమున పేరు లేని కౌలుదారు, ఆ పొలమును ఇరువది ఏండ్లుగా దున్నుచున్నను, ఆ జాబితాలో రైతు కాడు. 2011 నాటి చట్టము సాగుదారులకు గుర్తింపు కార్డులు ఇచ్చుటకు వీలు కల్పించినది గాని రైతుబీమా ఆ కార్డును ఆధారముగా గైకొనలేదు. ఇప్పుడు ఈ జాబితాను బ్లాక్‌చైన్ పైకి ఎక్కించితిమనుకొందము. దానిని ఎవరును దిద్దజాలరు. పరిహారము పది దినములకు బదులు పది నిమిషములలో చేరును. కౌలుదారు భార్యకు మాత్రము పది దినములైనను పది నిమిషములైనను ఒక్కటే. ఆమె భర్త పేరు గొలుసులో లేదు.

దీనికి ఎదురు దృష్టాంతమొకటి కలదు. 2023 జూన్ 30న ఆసిఫాబాదులో పోడు భూముల పట్టాల పంపిణీ ప్రారంభమైనది. అంతవరకు అడవి భూమిని ఆక్రమించినవారుగా చూడబడిన ఆదివాసులు, పట్టా చేతికి అందగానే రైతుబంధునకు అర్హులైనారు. వారి భూమి మారలేదు, వారి శ్రమ మారలేదు. దస్త్రములో ఒక పంక్తి చేరినది. ఆ ఒక్క పంక్తి చేయగల పనిని ఏ యంత్రమును చేయజాలదు.

గల్ఫు కార్మికుల విషయము ఇట్టిదే. వలస అనుమతి అవసరమైన పాసుపోర్టుపై పోవు కార్మికునకు ప్రవాసీ భారతీయ బీమా యోజన తప్పనిసరి. రెండేండ్లకు 275 రూపాయలు, మూడేండ్లకు 375 రూపాయల ప్రీమియముతో, ప్రమాద మరణమునకు లేదా శాశ్వత వైకల్యమునకు 10 లక్షల రూపాయల రక్షణను 2017 సవరణ కల్పించినది. ఇచట బ్లాక్‌చైన్ నిజముగా ఉపకరింపవచ్చునని మా అభిప్రాయము. మరణ ధ్రువపత్రము ఒక దేశమున, రాయబార కార్యాలయపు నమోదు మరియొకచోట, పాలసీ వేరొకచోట, కుటుంబము జగిత్యాలలోనో నిర్మలులోనో ఉండును. ఒకరి కాగితమును మరియొకరు నమ్మని ఇట్టి చోటనే పంచుకొన్న పుస్తకము విలువైనది. కాని విజిటు వీసాపై పోయి అక్కడ పనిలో చేరినవాడు వలస అనుమతి పొందడు. పొందనివానికి ఈ బీమా లేదు. దుబాయి నుండి శవపేటిక వచ్చిన నాడు వెదకుటకు పద్దే ఉండదు.

ఇక పంటల బీమా. 2022 జూలై నెలలో కడెం ప్రాజెక్టునకు గేట్ల శక్తిని మించిన వరద వచ్చి, దిగువ గ్రామముల ప్రజలు రాత్రంతయు కట్టవైపు చూచుచు గడిపినారు. రాష్ట్రము 2020లోనే ప్రధానమంత్రి ఫసల్ బీమా యోజన నుండి వైదొలగియుండుటచే, ఆ యేడు ఆ పథకము క్రింద పరిహారము కోరుటకు వీలు లేకపోయినది. ఒప్పందమే లేనిచోట స్వయంచాలక ఒప్పందము ఏమి చేయగలదు? ఒకవేళ ఉన్నను మరియొక చిక్కు కలదు. కడెం వాగు బోథ్ ప్రాంతపు గుట్టలలో పుట్టి దిగువకు పారును. పైన కురిసిన వాన క్రింది పొలములను ముంచును. క్రింది మండలపు వర్షమాపకమును మాత్రమే నమ్ముకొన్న గొలుసు, మునిగిన పొలమునకు 'వర్షము సాధారణము' అని సమాధానము చెప్పవచ్చును. రాష్ట్రమున స్వయంచాలక వాతావరణ కేంద్రములు నేడు వేయికి పైబడి ఉన్నవి. వాటి లెక్కకు వాగుల నీటిమట్టమును, ఉపగ్రహ చిత్రములను, గ్రామసభ మాటను జోడించినగాని సూచిక బీమా న్యాయమైనది కానేరదు.

పేరు – అక్షరము

మా వంటి కళాశాలలో చదువు విద్యార్థులకు మరియొక ప్రమాదము చేరువలో నున్నది. మహమ్మద్ అను పేరు ఒక పత్రమున పూర్తిగాను, మరియొక పత్రమున 'ఎం.డి.' అనియు ఉండును. షేక్ అన్నది 'ఎస్.కె.' అగును. ఉర్దూలో ఒక్క తీరుగా వ్రాయు పేరు ఇంగ్లీషునకు వచ్చునప్పటికి నాలుగు తీరులగును. తెలుగు విద్యార్థుల ఇంటిపేరు ఒక పత్రమున ముందును, ఇంకొక పత్రమున వెనుకను, వేరొకదానిలో ఒక్క అక్షరముగను ఉండును. గ్రామ కార్యాలయమున కూర్చున్న మనిషి ఈ రెండును ఒకరివేనని గుర్తింపగలడు. పైన మేము చూపిన లెక్కను జ్ఞప్తికి తెచ్చుకొనుడు: ఒక్క అంకె మారగా గుర్తులన్నియు మారినవి. గొలుసు దృష్టిలో మహమ్మదును, ఎం.డి.యు పరస్పర సంబంధము లేని ఇరువురు. దొంగను పట్టు గుణమే, జాగ్రత్త లేనిచో, నిజమైన వారసుని గుమ్మము వద్ద ఆపివేయు గుణమగును.

తప్పును దిద్దు దారి

పద్దు తప్పినచో ఏమి చేయవలెను? వాణిజ్యశాస్త్ర విద్యార్థులకు సమాధానము తెలియును. ఖాతా పుస్తకమున తప్పును చెరిపివేయరాదు. సవరణ పద్దు వ్రాయవలెను. పాత తప్పును, క్రొత్త ఒప్పును, దిద్దిన తేదీయు – మూడును కనబడవలెను. బ్లాక్‌చైన్ కూడ ఇట్లే క్రొత్త బ్లాకుతో సవరణను అంగీకరించును. ఇంతవరకు సాంకేతిక సమస్య లేదు. ఆ సవరణ పద్దు వ్రాయు అధికారము ఎవరిది, రైతు ఎవరిని అడుగవలెను, ఎన్ని దినములలో తీర్పు రావలెను అన్నవి మాత్రము చట్టము తేల్చవలసిన ప్రశ్నలు.

వీటి గురుత్వమును మన రాష్ట్రము అనుభవముతో నేర్చుకొన్నది. 2017 సెప్టెంబరులో భూ దస్త్రముల ప్రక్షాళన మొదలైనది. 2020 అక్టోబరు 29న ధరణి ప్రారంభమైనది. ధరణి బ్లాక్‌చైన్ కాదు. అయినను ఒకే పుస్తకము, కట్టుదిట్టమైన పుస్తకము అన్న ఆశయము అందులో ఉండెను. 2020 నాటి చట్టమున రెవెన్యూ అధికారులకు అప్పీలు చేసికొను ఏర్పాటు లేకుండుటచే, తప్పుపడిన పేరు, తగ్గిన విస్తీర్ణము, వివాదపు జాబితాలో చిక్కిన సర్వే నంబరు గల రైతులు మిక్కిలి అవస్థ పడినారు. పాసుపుస్తకము రానివారికి దానితో ముడివడిన రైతుబీమాయు అందలేదు. 2025లో వచ్చిన భూభారతి చట్టము అప్పీలు మార్గమును మరల కల్పించినది. కట్టుదిట్టమైన చిట్టాకు దిద్దుబాటు దారి అంతకంటె కట్టుదిట్టముగ ఉండవలెనను పాఠము దీనిలో కలదు.

వ్యక్తిగత విషయముల మాట కూడ మరువరాదు. 2023 నాటి వ్యక్తిగత డిజిటల్ సమాచార రక్షణ చట్టము, తన వివరములను సరిచేయుమని, కొన్ని సందర్భములలో తొలగింపుమని కోరు హక్కును పౌరునకు ఇచ్చుచున్నది. రోగి జబ్బు పేరును చెరపరాని గొలుసులో వ్రాసినచో ఆ హక్కు ఏమగును? వివరములను వేరొకచోట భద్రపరచి, వాటి గుర్తుసంఖ్యను మాత్రమే గొలుసులో ఉంచుట దీనికి నిపుణులు చూపు మార్గము.

ముగింపు

మా పరిశీలన వలన తేలినది ఇది. వ్రాసిన పద్దును కాపాడుట బ్లాక్‌చైన్ పని. ఆ పనిని అది చక్కగా చేయును. పద్దు నిజమైనదా, వ్రాయవలసిన పేరు వ్రాయబడినదా అన్నది దాని పని కాదు. 45వ సెక్షను చెప్పు నీతియు ఇదియే: సత్యమును ప్రవేశద్వారము వద్దనే విచారింపవలెను. కావున మన జిల్లాలలో బీమాకు ఈ యంత్రమును తెచ్చుటకు ముందు, లేదా తెచ్చుచున్నపుడే, కౌలుదారుని పేరు ఎక్కవలెను. విజిటు వీసాపై పోయినవానిని చేర్చుకొను త్రోవ కావలెను. తప్పు దిద్దు అధికారి ఎవరో ఊరిలోనే తెలియవలెను. ఇవి జరిగిన పిమ్మట ఆ గొలుసు పేదవానికి రక్ష. జరుగనిచో, అతడు లోనికి రాకుండ వేసిన గొలుసే యగును.

విద్యార్థులు చదువు పూర్తియగు వరకు వేచియుండనక్కరలేదు. ఈ సెలవులలో ఇంటికి పోయినపుడు ట్రంకుపెట్టెలోని పాలసీ కాగితములను ఒకసారి వెలికి తీయుడు. నామినీ పేరు ఉన్నదా, ఉన్నచో ఆ నామినీ జీవించి ఉన్నారా, ఆధారులోని పేరును పాసుపుస్తకములోని పేరును బ్యాంకు ఖాతాలోని పేరును అక్షరము అక్షరముగా కలియుచున్నవా చూడుడు. గల్ఫునకు బయలుదేరు అన్నగారిని, మామగారిని బీమా సంఖ్య అడిగి ఒక పుస్తకములో వ్రాసి ఉంచుడు. ఉర్దూ మాత్రమే చదువగల నానమ్మకు, తెలుగు మాత్రమే చదువగల ఇరుగుపొరుగువారికి ఆ కాగితములలో ఏమున్నదో వారి భాషలో చదివి వినిపింపుడు. రెండు భాషలు నేర్పు కళాశాలలో చదువుకొన్నందులకు ఇంతకంటె తగిన వినియోగము మాకు తోచుటలేదు.